కొండెక్కితే 29 శాతం పోయింది, దిగితే వచ్చింది 2. మిగిలిన 27 యాడికి పోయినట్టు?

కొర్లగుంట బండోడు:

అన్నలకూ సార్లకూ నమస్కారం. మాది తిరుపతి. కొండమింద మా చిన్నాయనకు గాజులు, బొమ్మల అంగడి ఉండాది. వారానికి మూడు దినాలు సరుకు ఎత్తకపోయేది నేనే. మొన్నటిదాకా పెట్రోలు బండి తోలినా. ఉగాదికి ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకున్నా, మూడు యూనిట్ల బ్యాటరీది.

అమ్మిన కుర్రోడు ఏం చెప్పినాడంటే, "మీది ఘాట్ రోడ్డే కదన్నా, ఎక్కేటప్పుడు పోయే చార్జింగు దిగేటప్పుడు మళ్లా ఎక్కేస్తాది, దీనికి రీజెన్ ఉండాది, దిగేటప్పుడు మోటారే తిరగబడి బ్యాటరీకి చార్జింగు పెడతాది" అని. నేను నమ్మినా. నమ్మకుండా ఎట్లా, పదో క్లాసులో శక్తి నిత్యత్వ నియమం కంఠతా పట్టినోణ్ణి. శక్తిని పుట్టించలేం, చంపలేం, ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతుంది అంతే. మార్కులు కూడా ఫుల్లుగా వేసినారు.

నిన్న పనిగట్టుకుని రాసి పెట్టినా. అలిపిరి చెకింగు దాటేటప్పుడు 91 శాతం. పైన అంగడి ముందర స్టాండు వేసేటప్పటికి 62. సరుకు దించి, చిన్నాయన ఇచ్చిన కాఫీ తాగి, పాత ఘాట్ మింద దిగి మళ్లా అలిపిరికొచ్చి చూస్తే 64. ఎక్కేదానికి 29 పోయింది, దిగినందుకు 2 వచ్చింది. నియమం నిజమైతే ఆ 27 యాడో ఒకచోట ఉండాల కదా?

మా బావ మాత్రం "మీటరే దొంగమీటరు, పోయి గలాటా చేద్దాం పా" అంటా ఉండాడు. పోయేముందు ఒక మాట ఇక్కడ అడుగుదామని. కింద ఆపినాక ముందర డిస్కు మింద వేలు పెడితే చురుక్కుమనింది, అది కూడా చెప్పల్ల కదా, అందుకే చెప్తా ఉండా.

రేణిగుంట రాజ్యం:

27 శాతం హుండీలో పడింది స్వామీ. రసీదు ఇవ్వరు.

చంద్రగిరి అయ్యవారు:

హుండీ మాట అట్లా ఉంచండి, ప్రశ్న మంచిది. ముప్పయ్యొక్క ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను, ఇంత సుబ్బరంగా లెక్క రాసుకొచ్చి అడిగిన పిల్లవాడు ఒక్కడూ తగల్లేదు.

నాయనా, ముందు నీ బరువెంత, బండి బరువెంత, సంచి బరువెంత చెప్పు. ఎంత వేగంతో పోతావో కూడా చెప్పు. డిస్కు మీద వేలు మాత్రం ఇంకోసారి పెట్టొద్దు.

కొర్లగుంట బండోడు:

బండి 120 కిలోలని పుస్తకంలో ఉండాది. నేను 72. గాజుల సంచి నిన్న 18. వేగం మన చేతిలో యాడుంది సార్, ఎక్కేదానికి 28 నిమిషాలు, దిగేదానికి 40 నిమిషాల కంటే ముందు పోతే ఫైను కదా. సరిగ్గా ఆ టయానికే పోతా.

చంద్రగిరి అయ్యవారు:

ఆ టైము రూలు మన లెక్కకు భలే పనికొస్తుంది. కొత్త ఘాట్ 16 కిలోమీటర్లు, 28 నిమిషాలంటే గంటకు 34. పాతది, 1944లో వేసిన దారి, 19 కిలోమీటర్లు, 40 నిమిషాలంటే గంటకు 28న్నర. ఎత్తు 680 మీటర్లు అనుకుందాం. నావి కాగితం మీద వేసిన అంచనాలే, నూటికి పదో పదిహేనో అటూ ఇటూ ఉంటాయి.

యూనిట్ అంటే వెయ్యి వాట్ అవర్లు. నీ 29 శాతమంటే మూడు యూనిట్లలో సుమారు 870 వాట్ అవర్లు. అది ఎట్లా ఖర్చయిందో చూడు.

నువ్వు, బండి, సంచి కలిపి 210 కిలోలు. దాన్ని 680 మీటర్లు ఎత్తడానికి 14 లక్షల జౌళ్లు పడుతుంది. మనకు తెలిసిన లెక్కలో 390 వాట్ అవర్లు. నువ్వు రీజెన్ అని ఆశపడవలసింది ఈ 390 గురించి మాత్రమే. మిగతాది పైకి చేరేలోపే చేయి దాటిపోయింది.

ఎట్లాగంటే, టైరు రోడ్డు మీద దొర్లేటప్పుడు ప్రతి చుట్టుకూ రబ్బరు నొక్కుకుని మళ్లీ పైకి లేస్తుంది. నొక్కినప్పుడు పెట్టిన శక్తి లేచినప్పుడు పూర్తిగా ఇవ్వదు, కొంత వేడిగా దాచుకుంటుంది. నీ బరువుకు ఆ పట్టు మూడు కిలోల మూటను తాడు కట్టి వేలాడదీస్తే లాగినంత ఉంటుంది. 16 కిలోమీటర్లు ఆ మూట నిన్ను వెనక్కు లాగుతూనే ఉందనుకో, 140 వాట్ అవర్లు. గాలి కూడా అంతే, గంటకు 34 వేగంలో ఇంకో 145. ఈ మూడూ కలిపితే 675.

మరి బ్యాటరీ ఇచ్చింది 870. మధ్యలో 195 మోటారు తీగల్లో, కంట్రోలర్‌లో, బ్యాటరీ లోపల వేడైపోయింది. అంటే బ్యాటరీ నుంచి చక్రం దాకా దక్షత 78 శాతం దగ్గర. ఆ ఎక్కుడుకు ఇది బాగున్నట్టే. మీటరు దొంగది కాదని మీ బావకు చెప్పు.

ఇప్పుడు దిగుదాం. ఇక్కడే నువ్వొక సంగతి మరిచిపోయావు. సంచి పైనే దింపేశావు. 18 కిలోల గాజులు 680 మీటర్ల ఎత్తున కూర్చున్నాయి, వాటిలో నీ బ్యాటరీ సొమ్ము 35 వాట్ అవర్లకు కొంచెం తక్కువగా ఉంది. అది పోలేదు, మీ చిన్నాయన అంగట్లో అరమీద ఉంది. నువ్వు దిగేటప్పుడు చేతిలో ఉన్నది 355.

అందులో టైర్లకు 149. దారి 19 కిలోమీటర్లు కదా, ఎక్కినదానికంటే పొడుగు. గాలికి 119, వేగం తక్కువ కాబట్టి కాస్త తగ్గింది. పోను మిగిలింది 87. ఈ 87ను నువ్వు ఏదో ఒకచోట వదిలించుకోకపోతే బండి వేగం పెరిగిపోతుంది. కొంత బ్రేకు పిడి పట్టి డిస్కుకు ఇచ్చావు, నీ వేలికి తగిలింది అదే. మిగతాది మోటారు తిప్పికొట్టి బ్యాటరీకి పంపింది, ఆ తిరుగు ప్రయాణంలోనూ తీగలకు సుంకం కట్టాలి. చివరకు చేరింది 60 దాకా. మూడు యూనిట్లలో 60 అంటే ఎంత? 2 శాతం. నీ మీటరు చూపించింది అదే.

ఇంకో మాట. దిగేటప్పుడు రెండే వచ్చాయని బాధపడుతున్నావు గానీ, 19 కిలోమీటర్లు ఒక్క పైసా చార్జింగు ఖర్చు కాకుండా వచ్చావు. అదే దూరం ఇదే వేగంతో చంద్రగిరి వైపు సాఫు రోడ్డు మీద పోయుంటే 11, 12 శాతం కాలేది. కొండ ఆ ఖర్చు భరించి, పైన రెండు చేతిలో పెట్టింది.

రేణిగుంట రాజ్యం:

అయితే పెట్రోలు బండే మేలు కదా సార్, ఈ పంచాయితీ లేకుండా?

చంద్రగిరి అయ్యవారు:

అదే 675 చక్రం దగ్గర కావాలంటే పెట్రోలు ఇంజను మూడు యూనిట్ల పైన వేడి మింగుతుంది, లీటరులో మూడోవంతు. చిన్న ఇంజన్లు నూటికి 20, 25 పాళ్లే తిప్పుడుగా మారుస్తాయి, మిగతాది సైలెన్సరు, ఇంజను రెక్కల గుండా బయటికి పోతుంది. దిగేటప్పుడు ట్యాంకులోకి ఒక్క చుక్క కూడా తిరిగి రాదు.

అయితే ధర్మంగా ఇంకొకటి చెప్పాలి. మన ఇంటికొచ్చే కరెంటులో బొగ్గుది చాలా ఉంది. ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ థర్మల్ కరెంటు కేంద్రం లాంటి చోట బొగ్గు వేడిలో కరెంటుగా మారేది దాదాపు మూడోవంతే. అక్కడ పోయిన రెండొంతులు నీ మీటరులో కనబడవు. కనబడకపోయినా అవీ లెక్కలోవే.

ఘాట్ మామ:

అయ్యవారూ, నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనోణ్ణి. ఇరవై రెండేళ్లు ఈ ఘాట్లోనే. మీరు చెప్పిన లెక్క నాకు లెక్కగా తెలీదు గానీ వాసనగా తెలుసు. కొత్తగా వచ్చిన డ్రైవరు బ్రేకు పెడలు మీదే కాలుపెట్టి దిగినాడంటే ఏడో మైలు హనుమంతుడి కాడికొచ్చేటప్పటికి లైనర్ కాలిన వాసన బస్సంతా నిండేది. సాంబ్రాణి కాదది, డ్రమ్ము పెట్టే ఏడుపు. ఇంకా కాలిస్తే పెడలు మెత్తగా లోపలికి పోతాది, బండి ఆగదు. అందుకే మాకు నేర్పింది ఒకటే, ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు, ఇంజను పట్టుకుంటాది.

ఎలక్ట్రిక్ బస్సులు 2022 బ్రహ్మోత్సవాలప్పుడు వచ్చినాయి. అప్పటికి నేను దిగిపోయినా. మా తమ్ముడి కొడుకు తోలతాడు. వాడు చెప్పేది, దిగేటప్పుడు చార్జింగు బాగానే ఎక్కతాదంట, పిల్లోడి స్కూటరు మాదిరి రెండు మూడు కాదు. వానికెందుకు జాస్తి, పిల్లోడికెందుకు తక్కువ? అదే కొండ, అదే దారి గదా.

చంద్రగిరి అయ్యవారు:

మామా, నువ్వడిగింది నేను రాయాల్సి ఉండి మరిచిపోయింది.

నిండు బస్సు 15 టన్నులు అనుకుందాం. 680 మీటర్లు దిగితే చేతికొచ్చేది 10 కోట్ల జౌళ్లు, దగ్గర దగ్గర 28 యూనిట్లు. బస్సు టైరు గట్టిది, గాలి బాగా బిగించి ఉంటుంది, బరువుతో పోల్చుకుంటే దొర్లడానికి తీసుకునే వాటా తక్కువ, నూటికి 22. ఇక గాలి. బస్సు మొహం పెద్దదే, కానీ బరువు స్కూటరుకు 70, 80 రెట్లు ఉంటే గాలి పట్టు పది రెట్లకు మించదు. గాలి వాటా నూటికి నాలుగు. అంటే వందలో 74 పాళ్లు బ్రేకుకో మోటారుకో మిగిలే ఉంటాయి. మన పిల్లవాడికి టైర్లకు 42, గాలికి 33 పోయి మిగిలింది పాతిక కూడా లేదు. తేలికైనవాణ్ణి గాలి, రోడ్డు కలిసి దోచుకుంటాయి.

నీ డీజిలు బస్సులో ఆ 74 పాళ్లు ఎక్కడికి పోయాయో నీకే బాగా తెలుసు, వాసన పట్టావు కదా. ఎంత వేడి అంటే, ఒక్క ట్రిప్పులో దిగిన ఆ 10 కోట్ల జౌళ్లూ నీళ్లకు పెడితే 340 లీటర్లు, అంటే రెండు పెద్ద డ్రమ్ములకు కొంచెం తక్కువ, 30 డిగ్రీల నుంచి సలసలా మరిగేదాకా కాగుతాయి. రోజుకు ఎన్ని ట్రిప్పులు తిరిగేవో, ఎన్ని డ్రమ్ముల నీళ్లు ఆ అడవి గాలికి కాచి పోశావో లెక్క వేసుకో.

ఘాట్ మామ:

పెద్ద పెద్ద పెళ్లిళ్లకు కాచినట్టుండాది. ఇంకో ముచ్చట. పిల్లోడి గాజులు పైన కొనుక్కున్న యాత్రికులు మా బస్సుల్లోనే గదా దిగేది. అంటే వాని బ్యాటరీ సొమ్ము మా బస్సుకు చేరిందనేగా?

చంద్రగిరి అయ్యవారు:

చేరింది మామా. నీ కాలంలో లైనర్లకు చేరింది, ఇప్పుడు మీ తమ్ముడి కొడుకు బ్యాటరీకి కొంత చేరుతోంది.

పలమనేరు బోరు బాధితుడు:

సార్ మధ్యలో దూరుతున్నాను, తప్పుగా అనుకోకండి. మాది 900 అడుగుల బోరు. ఇంచిన్నర నీళ్లు వస్తాయి, అదీ వానాకాలంలో. కరెంటు ఇచ్చే టయానికి రాత్రి రెండుకు లేచి స్టార్టర్ నొక్కుతాను. ఆ నీళ్లు టమాటాకు పారిస్తాను, కొంత మొక్క తాగుతుంది, కొంత ఆవిరవుతుంది, మిగతాది మళ్లా భూమిలోకే ఇంకిపోతుంది. అంటే 900 అడుగులు ఎత్తిన శ్రమంతా వృథానా? అది యాడికి పోయినట్టు? ఇది కూడా ఈ పిల్లోడి ప్రశ్నే కదా.

చంద్రగిరి అయ్యవారు:

అదే ప్రశ్న. 900 అడుగులు 274 మీటర్లు. వెయ్యి లీటర్లు అంత ఎత్తడానికి ముప్పావు యూనిట్ చాలు, కాగితం మీద. మోటారు, పంపు, పైపు రాపిడి అన్నీ కలిపి నూటికి 35, 40 దక్షత ఉన్నా రెండు యూనిట్ల దాకా కాలుతుంది. అందులో ఒకటింబావు బోరులోనే వేడవుతుంది. నీ మోటారు కాలిపోకుండా కాపాడుతున్నది చుట్టూ ఉన్న ఆ చన్నీళ్లే, అందుకే నీళ్లు తగ్గినప్పుడు ఆడిస్తే వైండింగు పోతుంది.

పైకొచ్చిన ముప్పావు యూనిట్ సంగతి కదా నువ్వడిగేది. ఇంకిన నీళ్లు రాళ్ల సందుల్లో రాసుకుంటూ దిగుతాయి. దిగినంత మేరా ఆ శక్తి వేడి అవుతుంది. 274 మీటర్లు పూర్తిగా దిగితే నీళ్లు, రాయి కలిసి ఎంత వేడెక్కాలో చెప్పగలం. మాంచెస్టర్ దగ్గర బీరు కాచేవాళ్ల కొడుకు జౌల్ ఉన్నాడే, మనం జౌళ్లు జౌళ్లు అంటున్నది ఆయన పేరే, ఆయన జీవితమంతా తేల్చింది ఇదే. బరువులు కిందికి జారుతూ తొట్టిలో రెక్కలు తిప్పేట్టు అమర్చి, నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచాడు. 1847లో పెళ్లి చేసుకుని ఆల్ప్స్ కొండలకు పోయినప్పుడు కూడా థర్మామీటరు వదల్లేదని, జలపాతం పైనా కిందా నీళ్ల వేడి కొలవబోయాడని ఆయన స్నేహితుడు చెప్పాడు. ఆ కొత్త పెళ్లికూతురు ఏమనుకుందో ఎవరూ రాయలేదు.

లెక్క ఏమంటే, నీళ్లు 427 మీటర్లు పడితే ఒక్క డిగ్రీ పెరుగుతుంది. నీ బోరుకు డిగ్రీలో పదింట ఆరు పాళ్లు, అదీ అంత లోతుకు దిగితే. మన కపిలతీర్థం ధార వంద అడుగులు అనుకున్నా డిగ్రీలో పదో వంతు కూడా రాదు, కార్తీకంలో మునిగేవాళ్లకు ఒణుకు తగ్గదు. శక్తి అంతా ఉంది, కానీ ఇంత పలచగా పరుచుకున్నాక దాన్ని ఎవడూ పోగుచేసి మళ్లీ మోటారు తిప్పలేడు. బండోడి బ్యాటరీలో ఉన్నప్పుడు ఒకచోట మూటకట్టి ఉంది, రాళ్లలో, గాలిలో, టైర్లలో చిల్లరయిపోయింది. మనం బిల్లు కట్టేది ఆ మూటకే.

బండోడూ, ఒక్క పని చెయ్యి. టైర్లలో గాలి చూపించు. దిగేటప్పుడు మలుపు దగ్గరికొచ్చి పిడి గట్టిగా పట్టకుండా, ముందే యాక్సిలేటరు పూర్తిగా వదిలెయ్యి, మోటారును పట్టుకోనివ్వు. ఒక్కో మలుపులో 30 నుంచి 15కు తగ్గితే ఒకటిన్నర వాట్ అవర్ దాకా చేతులు మారుతుంది. మలుపులు బోలెడున్నాయి. కానీ అవసరమైన చోట బ్రేకు పట్టు, వాట్ అవర్ కోసం లోయలోకి పోవద్దు.

ఘాట్ మామ:

ఇంకోటి. పైన ఫుల్ చార్జింగు పెట్టుకుని దిగొద్దు. బ్యాటరీ నిండుంటే రీజెన్ పట్టదంట, మా పిల్లోడు చెప్పినాడు. అలవాటు మింద వదిలితే బండి జారిపోతాది.

చంద్రగిరి అయ్యవారు:

నిజం. నిండిన బిందెలో పోస్తే ఎక్కడికి పోతాయి.

కొర్లగుంట బండోడు:

వారమైంది, చెప్పకుండా పోయినాననుకోవద్దండి. అయ్యవారూ, మీ లెక్క ప్రింటు తీసి బావ చేతిలో పెట్టినా. రెండుసార్లు చదివి "అయితే గాజులు పైన పెట్టి రావడమే తప్పు" అన్నాడు.

టైర్లు చూపిస్తే ముందర చక్రంలో గాలి సగమే ఉండాది. బంకు కాడ పిల్లోడు నన్ను ఎగాదిగా చూసినాడు. గాలి పట్టించి మొన్న పోతే ఎక్కేదానికి 28. ఒక్క శాతం తగ్గింది, అదే సంచి, అదే బరువు.

అసలు సంగతి నిన్న జరిగింది. మాయమ్మకు నడక మొక్కు ఉండాది. తెల్లారి నాలుక్కు అలిపిరి కాడ దిగబెట్టినా. 3550 మెట్లు, నాలుగు గంటలు పట్టింది. నేను బండిలో పోయి పైన కాసుకున్నా. దర్శనమయినాక మోకాళ్లు పట్టేసినాయి, బస్సు క్యూ చూసి "నీ బండిలోనే వస్తా" అనింది. హెల్మెట్టు పెట్టించి ఎనక కూచోబెట్టుకున్నా. ఆమె 60 కిలోలు.

పైన 61. అలిపిరిలో 65.

నాలుగు వచ్చింది సార్! అదే దారి, అదే 40 నిమిషాలు. ఆ పైన రెండు యాడివి అని దారంతా ఆలోచించినా. ఆమె బరువును కొండెక్కించింది నా బ్యాటరీ కాదు కదా. పొద్దున మూడున్నరకు తిన్న ఇడ్లీలు.

చంద్రగిరి అయ్యవారు:

పది మార్కులు. లెక్క కూడా సరిపోతోంది, 60 కిలోలకు 111 వాట్ అవర్లు, టైర్ల వాటా 47 పోను 64, అందులో మోటారు దాటి బ్యాటరీకి చేరేది 45. అమ్మతోనూ గాలి పెద్దగా పెరగదు కదా, అందుకే వచ్చింది వచ్చినట్టు చేరింది. గాలి నింపినందుకు ఇంకొంచెం.

అమ్మ కండరాల దక్షత కూడా నీ పాత పెట్రోలు ఇంజను మాదిరే, నూటికి 20, 25. పైకి ఎత్తిన పని 95 కేలరీలే అయినా ఒంట్లో 400 పైన కాలి ఉంటుంది. మిగతాది చెమట. ఎన్ని ఇడ్లీలు తిన్నదో కనుక్కో.

కొర్లగుంట బండోడు:

అడిగినా సార్. "మొక్కు రోజు ఇడ్లీ ఏందిరా, ఉపవాసం" అనింది.